ముందు దుకాణానికి వెళ్లండి

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో స్టార్టప్ పెడతామనే యువతకు ఇప్పుడు ఆసరా బాగానే ఉంది. 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలైన టీ-హబ్, 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. మహిళల కోసం వీ హబ్ 2018 నుంచి నడుస్తోంది. కూర్చోవడానికి చోటు, సలహా ఇచ్చే పెద్దలు, పెట్టుబడిదారులతో పరిచయాలు దొరుకుతాయి. కానీ డబ్బిచ్చి కొనే మనిషిని ఎవరూ తెచ్చివ్వరు. ఆయన్ను మనమే వెతుక్కోవాలి, అదీ కోడ్ రాయకముందే. ఇవాళ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

పప్పుదినుసుల హోల్‌సేల్ దుకాణాలకు లెక్కల యాప్ చేద్దామనుకున్నారనుకోండి. ఉస్మాన్‌గంజ్‌ వెళ్లి, ఒక సేటును అడిగి, ఓ మూల స్టూలు వేసుకుని పొద్దంతా కూర్చోండి. ఏదో బస్తీ కిరాణా దుకాణం నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వస్తుంది: "అన్నా, మొన్నటి కందిపప్పే, రెండు బస్తాలు పంపు." మొన్నటిది ఏ రకమో గుమాస్తాకు గుర్తుంటుంది. ధర సేటు నోటితో చెబుతాడు, అది మనిషిని బట్టి మారుతుంది. గుమాస్తా చీటీ రాసి హమాలీ చేతికిస్తాడు, బస్తాలు ట్రాలీ ఆటో ఎక్కుతాయి. ఉద్దెర ఖాతాలో రాసుకునేది మాత్రం రాత్రి, షట్టర్ దించే ముందు. ఆర్డర్ రాగానే బిల్లు కొట్టాలనే యాప్‌ను అక్కడ ఒక్కరోజు కూడా వాడరు. గదిలో కూర్చుని ఎంత ఆలోచించినా ఈ సంగతి తట్టదు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?" అంటే మొహమాటానికి "ఎందుకు వాడం బాబూ" అంటారు. ఆ మాట పట్టుకుని ఎంతోమంది పిల్లలు నెలల తరబడి కష్టపడుతుంటే నాకు బాధనిపిస్తుంది. జరిగినదాని గురించి అడగండి. పోయిన నెల ఏ బాకీ ఆగిపోయింది, వసూలుకు ఎవరిని పంపారు, ఎన్నిసార్లు తిప్పించుకున్నారు? చివర్లో కొంచెం అడ్వాన్సు అడగండి. జేబులోంచి డబ్బు తీశారంటే అవసరం నిజమైనదే.

మన తెలంగాణ బిడ్డ ఫణీంద్ర సామ సంగతే తీసుకోండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీగా ఉందో ట్రావెల్ ఏజెంటుకే సరిగా తెలియదని ఆయనకు అర్థమైంది. స్నేహితులతో కలిసి ఏజెంట్ల దగ్గరికి, బస్సుల యజమానుల దగ్గరికి తిరిగి ఆ వ్యాపారం నేర్చుకున్నారు. బస్సు టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్‌బస్ 2006లో అలా పుట్టింది.

ఇక భాగస్వాముల మాట. చిన్ననాటి దోస్తులే అయినా వాటాలు కాగితం మీద పెట్టుకోండి. వాటా మొదటిరోజే పూర్తిగా చేతికి రాకుండా, నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా వచ్చేలా, ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ దక్కకుండా రాసుకోవడం ఇప్పుడు మామూలే. దాన్నే వెస్టింగ్ అంటారు. మధ్యలో ఒకరికి మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే, మిగిలినవాళ్ల కష్టానికి అదే రక్ష.

డబ్బు దగ్గర అసలు టెన్షన్ అమ్మకం అయ్యాక మొదలవుతుంది. పెద్ద కంపెనీ ఆర్డర్ ఇస్తుంది, బిల్లు మాత్రం నెలల తరబడి తొక్కిపెడుతుంది. ఈలోగా జీతాలు ఆగవు. అందుకే ఆధార్, పాన్‌లతో ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి, అది ఉచితం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు, ఒప్పందం ఏమున్నా, 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. అప్పటికీ ఇవ్వకపోతే ఇలాంటి బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు పంపేటప్పుడే మీ ఉద్యమ్ నంబరు దానిమీద వేయండి, గడువు తేదీ కూడా రాయండి.

నమస్కారం.