పేజర్ మోగితే ముగ్గురమే వచ్చాం

(అమెరికాలోని తెలుగువారి కోసం శనివారం ఉదయం నడిచే ఫోన్-ఇన్ కార్యక్రమం. ఈ వారం అతిథి పెన్సిల్వేనియాలో 22 ఏళ్లుగా వాలంటీర్ ఫైర్‌ఫైటర్, అందులో ఆరేళ్లు చీఫ్.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇండియాలో చెప్తే నమ్మరు గానీ, అమెరికాలో ఫైర్‌ఫైటర్లలో సగానికి పైగా జీతం లేకుండా చేసేవాళ్లే. సార్, మీ ఇంట్లో నమ్మారా?

అతిథి: మా నాన్నగారు చివరిదాకా నమ్మలేదండి. "101కి చేస్తే గవర్నమెంటు బండి రావాలి గానీ, మధ్యలో నువ్వెందుకురా?" అనేవారు. ఇక్కడ అది బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాలం నుంచీ ఉన్న పద్ధతి. 1736లో ఫిలడెల్ఫియాలో ఆయనా, ఆయన స్నేహితులూ కలిసి ఒక ఫైర్ కంపెనీ, అంటే మంటలార్పే దళం, పెట్టుకున్నారు. తోలు బకెట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. నెల మీటింగుకి రాకపోతే జరిమానా. ఆ డబ్బుతోనే నిచ్చెనలూ అవీ కొనేవారు. ఇప్పుడు జరిమానా వేస్తే మర్నాడే గేర్, అదే మంటల్లో వేసుకునే బట్టలు, తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు.

వ్యాఖ్యాత: మొదటి కాల్ న్యూజెర్సీ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే సార్. ఉద్యోగం ఐటీలో. మా ఊరి ఫైర్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. జనవరిలో కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. లిస్టులో 34 మందిమి. మొన్న మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పేజర్, అదే మమ్మల్ని పిలిచే చిన్న పరికరం, మోగితే ఫైరింజిన్ దగ్గరికి ముగ్గురమే వచ్చాం. పక్క ఊరివాళ్లని పిలిపించాల్సి వచ్చింది. రెండేళ్లలో 11 మందిని చేర్చుకుంటే ఇద్దరు మిగిలారు. చాలా టెన్షన్‌గా ఉంది సార్.

అతిథి: మీ ఒక్కరి బాధే కాదు. దేశం మొత్తం మీద 1984లో తొమ్మిది లక్షల దాకా ఉన్న వాలంటీర్లు 2020కి ఏడు లక్షల లోపుకి వచ్చారు. సాయం కోసం వచ్చే కాల్సేమో దాదాపు మూడింతలయ్యాయి. అందులో నిజంగా మంటలు కొన్నే. మిగతావి మెడికల్ కాల్స్, ఉత్తుత్తి అలారాలు. మనవాళ్ల ఇళ్లలో హోమం రోజు మోగేవి కూడా అందులోవే అనుకోండి. సరే, వెళ్లిపోయిన ఆ తొమ్మిదిమందిలో ఎంతమందికి మీరు ఫోన్ చేశారు?

శ్రోత: అందరూ టైమ్ లేదన్నారు సార్.

అతిథి: మీరు అడిగితే అన్నారా, వాళ్లే రాసి పంపారా?

శ్రోత: ఈమెయిల్‌లో రాశారు.

అతిథి: సంబంధం ఇష్టం లేనప్పుడు "జాతకాలు కుదరలేదు" అంటారు చూశారా, ఇదీ అంతే. టైమ్ లేనివాళ్లు నెలల తరబడి సాయంత్రాలూ శని ఆదివారాలూ పోగొట్టుకుని ఫైర్‌ఫైటర్ వన్ అనే మొదటి శిక్షణ కోర్సు పూర్తి చేస్తారా? ఆ టైమ్ మీకు ఇచ్చారు. ఆ తర్వాత స్టేషన్లో ఏం చూశారో, అది కనుక్కోవాలి.

శ్రోత: సోమవారం రాత్రి డ్రిల్ ఉంటుంది సార్, ఏడింటికి.

అతిథి: ఏడింటికే మొదలవుతుందా?

శ్రోత: ఏడున్నర... ఒక్కోసారి ఎనిమిది.

అతిథి: ఆ గంటసేపూ కొత్తవాళ్లేం చేస్తారు?

శ్రోత: నిలబడి ఉంటారు. తర్వాత పాతవాళ్లు పంపు ఆపరేట్ చేస్తారు, వీళ్లు చివర్లో హోస్ పైపులు చుడతారు.

అతిథి: పసిపిల్లని ఇంట్లో వదిలి వచ్చిన మనిషి చేత హోస్ చుట్టించి పంపిస్తే, పై సోమవారం ఎందుకు వస్తాడండీ? నేనూ ఇదే చేశాను. నేను చీఫ్‌గా ఉన్నప్పుడు ఒక నర్సు చేరింది. చాలా చురుకైన మనిషి. ఏడాదికల్లా మానేసింది. రాత్రి డ్యూటీల వల్ల అనుకున్నాం. ఎనిమిది నెలల తర్వాత నేనే ఫోన్ చేస్తే అప్పుడు చెప్పింది. ఆమెకిచ్చిన గేర్ రెండు సైజులు పెద్దదట. నిచ్చెన ఎక్కుతుంటే ప్యాంటు మోకాళ్ల దగ్గర పట్టేసేదట. "రెండుసార్లు చెప్పాను. మూడోసారి అడగబుద్ధి కాలేదు" అంది. రెండోసారి చెప్పింది నాకే. బడ్జెట్ వచ్చాక చూద్దాం అన్నాను. నాకు గుర్తే లేదు, ఆమెకి గుర్తుంది.

వ్యాఖ్యాత: మళ్లీ వచ్చిందా సార్?

అతిథి: రాలేదు. అప్పటికే పక్క ఊరి కంపెనీలో చేరిపోయింది. మంటల దగ్గర కనిపిస్తూనే ఉంటుంది. (నవ్వు) అందుకని కెప్టెన్ గారూ, ముందు ఆ తొమ్మిదిమందికీ ఫోన్ చెయ్యండి. వాదించకండి, రాసుకోండి. డ్రిల్ ఏడంటే ఏడే, తొమ్మిదికల్లా ఇంటికి పంపెయ్యండి. ఆ రెండు గంటల్లో వచ్చిన ప్రతి మనిషీ పైపు చివరి నాజిలో, పంపో పట్టుకోవాలి. కొత్తగా చేరినవాళ్లని ఒక్కొక్కరినీ ఒక పాతమనిషికి అప్పజెప్పండి. పగటి కాల్స్‌కి పక్క ఊరితో ముందే ఒప్పందం చేసుకుని రెండు స్టేషన్లకీ ఒకేసారి పేజర్ మోగేలా పెట్టించుకోండి. అది చిన్నతనం ఏం కాదు. ఇంకొకటి. మంటల్లోకి దూకేవాళ్లే కావాలని పట్టుబట్టకండి. బండి నడపడానికి, గ్రాంట్ అప్లికేషన్లు రాయడానికి కూడా మనుషులు కావాలి. 60 ఏళ్ల అకౌంటెంట్‌ని నేనొకాయన్ని తెచ్చాను, ఆయన వచ్చాకే మా లెక్కలు తేలాయి.

శ్రోత: ఒక్క మాట సార్. నా మీద ఓడిపోయినాయన స్టేషన్‌కి రావడం మానేశారు. ఆయనతోపాటు ఇంకో నలుగురు.

అతిథి: ఇది ముందే చెప్పాల్సిందండీ! ఆఫీసర్లని మనమే ఓట్లేసి ఎన్నుకుంటాం కాబట్టి ప్రతి జనవరిలోనూ ఇదే తంతు. ఆయన దేంట్లో గట్టి?

శ్రోత: పంపు. జిల్లాలోనే ఆయనంత బాగా ఎవరూ చెయ్యరు.

అతిథి: అయితే ఇంటికి వెళ్లండి. మెసేజ్ పెట్టకండి.

వ్యాఖ్యాత: లైన్లోనే ఉండండి. టెక్సాస్ నుంచి ఇంకో కాల్.

శ్రోత: నమస్కారం అన్నయ్య గారూ. మావారు వాలంటీరు. ఉగాది రోజు పచ్చడి చేతిలో ఉండగానే పేజర్ మోగింది. గిన్నె అక్కడే పెట్టి పరిగెత్తారు. నేను వద్దనను. కానీ వెళ్లాక నాలుగు గంటలు ఏ కబురూ ఉండదు. నన్నసలు ఎవరూ పట్టించుకోరు.

అతిథి: అమ్మా, మనిషి మానేద్దామని నిర్ణయించుకునేది స్టేషన్లో కాదు, ఇంట్లో. మా దగ్గర ఒక చిన్న పని పెట్టాం. మంట ఆరాక స్టేషన్లో ఉన్న ఒకరు అందరి ఇళ్లకీ "అంతా క్షేమం, ఇంకో గంట" అని మెసేజ్ పెడతారు. పైసా ఖర్చు లేదు. ఇంకా, ప్రతి కాల్‌కీ అందరూ పరిగెత్తకుండా వారంలో రెండు రాత్రులు నీవి అని పంచుకోవచ్చు. ఉగాది రోజు ఆయన వంతు కాకుండా ముందే చూసుకోవచ్చు. ఆయనకి బీపీ చూపిస్తున్నారా?

శ్రోత: అడిగితే బాగానే ఉందంటారు.

అతిథి: అనొద్దనండి, చూపించమనండి. డ్యూటీలో పోయిన ఫైర్‌ఫైటర్లలో మంటల వల్ల కంటే గుండెపోటు వల్ల పోయినవాళ్లే ఎక్కువ. జరగకూడనిది జరిగితే కుటుంబానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం 1976 చట్టం నుంచీ ఉంది, వాలంటీర్లకీ వర్తిస్తుంది. ఆ కాగితాలు స్టేషన్లో ఎక్కడుంటాయో మీకు తెలియాలి. ఆయనకి తెలిస్తే చాలదు.

వ్యాఖ్యాత: ఒక తమ్ముడు హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద ఉన్నాడట, చేరొచ్చా అని మెసేజ్ పెట్టాడు.

అతిథి: జీతం లేని సేవకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ కొన్నిచోట్ల ఏళ్ల లెక్కన డబ్బు జమచేసే పథకాలుంటాయి, కాల్‌కింత అనీ ఇస్తారు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు తమ్ముడూ. స్టేషన్ చీఫ్‌కి వీసా సంగతులు తెలియవు.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోయింది. న్యూజెర్సీ కెప్టెన్ గారు ఇంకా లైన్లోనే ఉన్నారు.

శ్రోత: సార్, ఆయన ఇంటికి వెళ్లి మాట ఎలా మొదలుపెట్టాలి?

అతిథి: పంపు గేజ్ సరిగ్గా చూపించట్లేదని చెప్పండి. చొక్కా తొడుక్కుని ఆయనే మీకంటే ముందు బయల్దేరతాడు.

శ్రోత: నిజంగానే చూపించట్లేదు సార్. వారం నుంచి.