గ్రాంటు రావాలంటే సంతకాల కన్నా ముందు జరగాల్సిన పని

అందరికీ నమస్కారం. ఈరోజు విషయం యూనివర్సిటీల్లో సోషల్ సైన్స్ వాళ్లది. ఎకనామిక్స్, సోషియాలజీ, ఆంత్రోపాలజీ, పొలిటికల్ సైన్స్... ఈ డిపార్టుమెంట్ల వాళ్లు రీసెర్చ్ ప్రాజెక్టుకి పోటీలో నిలబడి డబ్బు తెచ్చుకోవాలంటే ఏం చేయాలి, వాళ్లకి యూనివర్సిటీ ఏం చేసిపెట్టాలి అన్నది.

ఐసీఎస్ఎస్ఆర్, అంటే సోషల్ సైన్స్ రీసెర్చ్‌కి గ్రాంట్లిచ్చే జాతీయ మండలి, నోటిఫికేషన్ పడిందనుకోండి. మొదటి మూడు వారాలు ఎవరికీ పట్టదు. ఆఖరి నాలుగు రోజులు మాత్రం క్యాంపస్‌లో ఉరుకులు పరుగులు. డిపార్టుమెంట్ హెడ్ సంతకం, ప్రిన్సిపాల్ సంతకం, రిజిస్ట్రార్ ఆఫీసులో ఫార్వర్డింగ్ లెటర్. రిజిస్ట్రార్ ఆ రోజు విజయవాడ మీటింగుకి పోయినారంటే ఇంక దేవుడే దిక్కు. ఇంత హడావుడిలో ఫైలు నాలుగు టేబుళ్లు దాటుతుంది, లోపలున్న ప్రపోజల్‌ని మాత్రం ఒక్కరంటే ఒక్కరు చదవరు. నా గొడవంతా దీని గురించే. మన దగ్గర సాయం అంటే ఫార్వర్డింగ్ లెటర్. అసలు సాయం కావాల్సింది దానికి రెండు నెలల ముందు, పరిశోధన ప్రశ్న ఇంకా మెత్తగా, మార్చుకునేలా ఉన్నప్పుడు.

డబ్బు ఎక్కడుందో ఒక్క మాటలో చెప్పి ముందుకి పోతా. ఒకప్పుడు యూజీసీ మైనర్ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు అని ఉండేవి. జిల్లాల్లో డిగ్రీ కాలేజీ లెక్చరర్లకి కూడా అందేవి. పన్నెండో ప్రణాళిక అయిపోయినాక ఆ దారి మూతపడింది. 2018లో సోషల్ సైన్స్ రీసెర్చ్ కోసమే ఇంప్రెస్ అని ఒక స్కీము వచ్చింది. 414 కోట్లు, 1500 ప్రాజెక్టులు అన్నారు. దాని కాలం కూడా ముగిసింది. 2023లో పార్లమెంటు చట్టం చేసి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టినారు కానీ, అది ప్రధానంగా సైన్స్ వాళ్లది. సైన్స్‌తో ముడిపడిన చోటే మనకి కొంచెం జాగా. ఇంక అందరి చూపూ 1969లో పుట్టిన ఐసీఎస్ఎస్ఆర్ మీదే. ఢిల్లీ వాళ్లు, హైదరాబాద్ వాళ్లు, బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ల వాళ్లు, మనం... అందరం ఒకే క్యూలో ఉన్నాం.

ఆ క్యూలో మన ప్రపోజల్ ఎట్లా ఉంటుంది? టైటిల్ చదువుతా చూడండి. 'చిత్తూరు జిల్లాలో మామిడి రైతుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు: ఒక అధ్యయనం.' ఇది ఎవరి ప్రపోజలూ కాదు, అందరి ప్రపోజలూ ఇదే. మామిడి తీసేసి పాడి పెట్టండి, పాడి తీసేసి నగరి మరమగ్గాలు పెట్టండి, కింద ఉన్న పేజీలు ఏమీ మారవు. స్థితిగతులు తెలుసుకుంటాం, సమస్యలు గుర్తిస్తాం, సూచనలు చేస్తాం. ఢిల్లీలో కూర్చుని చదివే ప్రొఫెసర్‌కి ఇట్లాంటివి కట్టలు కట్టలుగా వస్తాయి. ఆయన ఎందుకు ఆగాలి మీ దగ్గర?

అదే మామిడిని తీసుకుందాం. 2025 సీజన్ గుర్తుంది కదా. గుజ్జుకి పోయే తోతాపురి రకం విరగకాసింది, ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం పైన 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12 అని చెప్పినారు. కర్ణాటక కాయ రానీకుండా బోర్డర్‌లో ఆపితే, ఆ రాష్ట్రం నుంచి లెటర్లు కూడా వచ్చినాయి. పేపర్లలో రోజూ అదే వార్త. ఇందులో పరిశోధకుడికి ఎన్ని ప్రశ్నలున్నాయో చూడండి.

ఆ 4 రూపాయలు ఎవరి ఖాతాలో పడినాయి? మన పక్క చాలా తోటలు పూత మీదనే గుత్తకి పోతాయి. పట్టా ఒకరి పేరు మీద, కాయ కోసేది ఇంకొకరు. మరి సాయం పట్టాదారుకి చేరిందా, గుత్తకి తీసుకున్నోళ్లకి చేరిందా? ఫ్యాక్టరీ 8 రూపాయలు నిజంగా ఇచ్చిందా, ఇస్తే ఎన్ని నెలలకి ఇచ్చింది? నేరుగా ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్ పెట్టుకుని రాత్రంతా పడిగాపులు కాసిన రైతుకీ, బంగారుపాళ్యం దగ్గర ర్యాంపులో, అంటే వ్యాపారులు కాయ కొనే చోట, తోలేసి ఇంటికి పోయిన రైతుకీ చివరికి చేతికి వచ్చిన తేడా ఎంత? వీటిలో ఒక్కటి పట్టుకోండి చాలు. మద్దతు ధర ప్రకటిస్తే అది కౌలుదారు వరకు దిగుతుందా అన్న ప్రశ్న ఒక్క చిత్తూరుది కాదు, దేశం మొత్తానిది. దామలచెరువు మండీలో నిలబడి దేశం ప్రశ్న అడుగుతున్నారన్నమాట. అప్పుడు ఢిల్లీ ప్రొఫెసర్ ఆగుతాడు.

ఇంకో చిక్కు ఉంది, మన జిల్లా వాళ్లకే వచ్చేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినారు. పాత చిత్తూరు జిల్లా అంటే 66 మండలాలు. దాంట్లో కొన్ని తిరుపతికి పోయినాయి, కొన్ని అన్నమయ్య జిల్లాకి. తిరుపతి జిల్లాలోకి నెల్లూరు నుంచి సూళ్లూరుపేట వైపు కలిపినారు. ఇప్పుడు మీరు 'చిత్తూరు జిల్లాలో గత పదేళ్ల మార్పు' అని రాసి, ఒక పట్టికలో 2011 జనాభా లెక్కలు, పక్కనే 2023 జిల్లా హ్యాండ్‌బుక్ అంకెలు పెడితే, అవి రెండు వేర్వేరు జిల్లాలు! మండలాల వారీగా కూడుకుని పాత హద్దులు మళ్లీ కట్టుకుంటే తప్ప పోలిక కుదరదు. ఈ పని ఎట్లా చేస్తారో మెథడాలజీలో నాలుగు లైన్లు రాయండి. ఆ నాలుగు లైన్లతో ఈ మనిషికి డేటా తెలుసు అని అవతల తెలిసిపోతుంది.

శాంపుల్ కూడా అంతే. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, ఇప్పుడు 2027 అంటున్నారు. కాబట్టి చేతిలో ఉన్నది 2011 లిస్టులే. తిరుపతి చుట్టూ ఊర్లు 2011లో ఉన్నట్టు ఇప్పుడు ఉన్నాయా? ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్స్ చదువుల సంస్థ ఐసర్ వచ్చినాక ఆ రోడ్డు రూపమే మారిపోయింది. పాత లిస్టు నుంచి ఇళ్లు ఎంచుకుంటే కొత్తగా వచ్చిన అద్దె ఇళ్లోళ్లు, కూలికి వచ్చినోళ్లు మీ లెక్కలోకే రారు. ముందు మీరే ఇళ్ల జాబితా రాసుకోవాలి. దానికి మనుషులు కావాలి, రోజులు కావాలి, బడ్జెట్‌లో ఆ లైను కనపడాలి.

బడ్జెట్ అంటే గుర్తొచ్చింది. చాలామంది పక్క డిపార్టుమెంట్ వాళ్ల బడ్జెట్ షీటు తెచ్చుకుని అంకెలు మారుస్తారు. స్టాఫ్‌కి ఇంత, ఫీల్డ్ వర్క్‌కి ఇంత, పరికరాలకి ఇంత అని ఖర్చు పద్దులు ఉంటాయి, ప్రతిదానికీ పరిమితి ఉంటుంది. నోటిఫికేషన్‌లో ఎట్లుంటే అట్లే పాటించాలి, అందులో వాదన లేదు. లోపల లెక్క మాత్రం మీ ఫీల్డ్ నుంచి రావాలి. కుప్పంలో సర్వే అంటే ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, ఆ పక్కింట్లో కన్నడం. సత్యవేడు, నగరి వైపు తమిళం రాని కుర్రాణ్ని పంపితే సగం జవాబులు తలూపడాలే. తమిళం వచ్చిన ఇన్వెస్టిగేటర్ అని బడ్జెట్‌లో రాసినారంటే మీరు ఆ ఊరికి పోయినారని అర్థం. టైమ్‌టేబుల్ కూడా చూసుకోవాలి. మామిడి మీద స్టడీ పెట్టి ఫీల్డ్ వర్క్ నవంబర్‌లో చూపించిన ప్రపోజల్స్ ఉన్నాయి. నవంబర్‌లో ర్యాంపులో ఎవరుంటారు సార్, కుక్కలు తప్ప?

ఇంగ్లీషు గురించి కూడా చెప్పాలి. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన స్కాలర్లకి ఊరు తెలుసు, మనుషులు తెలుసు, ప్రపోజల్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడదు. దాంతో డబ్బు తీసుకుని ప్రపోజల్ రాసిచ్చే వాళ్ల దగ్గరికి పోతారు. ఈమధ్య అయితే ఏఐకి చెప్పి రాయించుకుంటున్నారు. అన్నీ ఒకే గొంతుతో వస్తాయి, నున్నగా, లోపల ఊరు లేకుండా. నేను చెప్పే పద్ధతి వేరే. ముందు మీ ప్రశ్నని మీ ఇంట్లో అక్కకో బావకో అర్థమయ్యేలా తెలుగులో ఒక పేరా రాయండి. ఎందుకు తెలుసుకోవాలి, తెలిస్తే ఎవరికి ఏం మారుతుంది. ఆ పేరా నిలబడితే ఇంగ్లీషు చేయించుకోవచ్చు. నిలబడకపోతే ఏ ఇంగ్లీషూ దాన్ని లేపలేదు.

ఇప్పుడు యూనివర్సిటీ ఏం చేయాలి? పది రోజుల రీసెర్చ్ మెథడాలజీ కోర్సులు మనకి కొదవలేదు. చాలామంది సర్టిఫికెట్ కోసం వస్తారు, లెక్కలు చేసే ఎస్‌పీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్చుకుని పోతారు. దాని బదులు చదివే బల్ల ఒకటి పెట్టండి. గడువుకి ఆరు వారాల ముందు, డ్రాఫ్టులు తెచ్చుకుని ఒకరిది ఒకరు చదవడం. షరతు ఒకటే: మీ సబ్జెక్టు కాని వాళ్లు కూడా చదవాలి. ఎకనామిక్స్ ప్రపోజల్‌ని ఆంత్రోపాలజీ మేడమ్ చదివితే 'ఈ ఆడవాళ్లతో మొగుడు ఎదురుగా ఉండగా మాట్లాడతారా?' అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఇక్కడే రావడం మంచిది, షార్ట్‌లిస్ట్ అయినాక నిపుణుల ముందు కాదు. తిరుపతిలో దీనికి మనుషుల కరువు లేదు. 1954 నుంచి ఎస్వీయూ ఉంది, 1983 నుంచి మహిళా యూనివర్సిటీ ఉంది, ఆటోలో పోయేంత దూరమే. ఐఐటీలో హ్యుమానిటీస్ వాళ్లున్నారు. ఒకరి గేటులోకి ఒకరు పోరు, అంతే.

ఒక చేదు సంగతి కూడా ఉంది. ఎన్నో ఏళ్లుగా రెగ్యులర్ పోస్టులు నింపక, క్లాసులు చెప్పే వాళ్లలో చాలామంది కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీ. చాలా స్కీముల్లో రెగ్యులర్ ఉద్యోగి పేరు మీదే ప్రాజెక్టు రావాలి. ఊరూరా తిరిగి ప్రశ్న కనిపెట్టింది కాంట్రాక్టు లెక్చరర్, పైన పేరు ఇంకొకరిది. ఆ లెక్చరర్‌ని ప్రాజెక్టుకి కో-డైరెక్టర్‌గా పెట్టే వీలు ఉన్నచోట కూడా పెట్టడం లేదు. అది రూలు చేసే పని కాదు, మనుషులు చేసే పని.

ఇంక డబ్బు వచ్చినాక కథ. ప్రాజెక్టు వచ్చిందని స్వీట్లు పంచినోళ్లే ఏడాది తిరిగేసరికి అకౌంట్స్ సెక్షన్ బెంచీ మీద కూర్చుని ఉంటారు. గ్రాంటు విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చుకి యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, కేంద్రం ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) 12-ఏ ఫారంలో పోతేనే తర్వాతది కదులుతుంది. పల్లెలో జీపు అద్దెకి తీసుకుంటే బిల్లు ఎవరిస్తారు? ఇన్వెస్టిగేటర్‌కి చేతికి డబ్బిస్తే రసీదు ఏ పద్ధతిలో ఉండాలి? ఇవి సోషియాలజీ పీహెచ్‌డీలో చెప్పరు. తెలిసిన వాడు అకౌంట్స్ సూపరింటెండెంట్. ఆయన్ని చివర్లో సంతకానికి బతిమాలుకునే బదులు, నేను చెప్పిన ఆ బల్ల దగ్గరికి మొదటి రోజే పిలవండి. బడ్జెట్ షీటు ఆయన ముందు పెట్టి, ఒక్కో లైనుకీ ఏ బిల్లు అడుగుతారో పెన్సిల్‌తో పక్కన రాయించుకోండి. టీ ఖర్చు డిపార్టుమెంట్ పెట్టుకుంటుంది.