పట్టర్ ముఖం మీది గీతలు: చెవికి చెప్పేది, బంతికి చేసేది

సభలో ఉన్న గోల్ఫ్ మిత్రులందరికీ నమస్కారం.

కొత్త పట్టర్ (బంతిని గుంటలోకి దొర్లించే కర్ర) కొనబోయేవారు అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా బంతిని తాకే ముఖం గురించే ఉంటుంది. మిల్లింగ్ (యంత్రపు కత్తితో ముఖం మీద చెక్కిన గీతలు) లోతుగా ఉన్నది తీసుకోవాలా, దాదాపు నున్నగా ఉన్నది తీసుకోవాలా? లోతైన గీతలు బంతిని పట్టుకుని వెంటనే దొర్లిస్తాయనే జవాబు మనలో చాలామంది విన్నదే. ఆ జవాబు చాలావరకు పొరపాటని నా అభిప్రాయం. మిల్లింగ్ ప్రధానంగా మార్చేది మన చెవికీ చేతికీ అందే కబురును. బంతి ఎలా దొర్లుతుందన్నది లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) మీద, మన స్ట్రోక్ (కొట్టే తీరు) మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండింటినీ విడదీసి చూస్తేనే ఎంపిక సరిగ్గా కుదురుతుంది.

పట్టర్ విషయంలో శబ్దానికి ఉన్న స్థానం కొత్తగా కనిపెట్టినది కాదు. 1959లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజినీరుగా ఉన్న కార్‌స్టెన్ సోల్‌హైమ్ కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, తన ఇంటి గ్యారేజీలో 1ఏ అనే పట్టర్‌ను తయారుచేశాడు. బంతి తగలగానే అది చేసిన మోతే ఆయన కంపెనీకి పింగ్ అన్న పేరయింది. 1966లో ఆయన తెచ్చిన ఆన్సర్ పట్టర్‌లో బరువు తలకు రెండు చివరలైన మడమ వైపుకూ మునివైపుకూ పంచి ఉంటుంది. ఇప్పుడు ఉక్కు దిమ్మెల నుంచి చెక్కి అమ్ముతున్న బ్లేడ్ (సన్నని తల ఉన్న) పట్టర్లలో చాలావాటికి మూలరూపం అదే.

ఇక ఆ గీతలు ఎలా పడతాయో చూద్దాం. ఒకే పన్ను ఉన్న కత్తి పెద్ద వృత్తంలో తిరుగుతూ ముఖం మీదుగా సాగితే విల్లులా వంగిన సన్నని గీతలు మిగులుతాయి. గుండ్రటి మొన ఉన్న కత్తి వరుస వెంట వరుసగా నడిస్తే, దున్నిన చేనులోలాగా చాళ్లూ, చాళ్ల మధ్య మిట్టలూ ఏర్పడతాయి. కత్తి మొన వ్యాసార్ధం 3 మిల్లీమీటర్లు, రెండు వరుసల మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు అనుకుంటే మిట్ట ఎత్తు సుమారు 0.09 మిల్లీమీటరు వస్తుంది. అదే దూరాన్ని సగానికి తగ్గిస్తే మిట్ట ఎత్తు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోయి 0.023 మిల్లీమీటరు దగ్గర ఆగుతుంది. కంటికి పెద్దగా తేడా కనిపించని రెండు ముఖాలు చేతిలో వేరువేరుగా పలకడానికి ఒక కారణం ఇక్కడే ఉంది.

పట్ (పట్టర్‌తో కొట్టే దెబ్బ) కొట్టినప్పుడు బంతి ముఖానికి ఆనుకుని ఉండేది సెకనులో రెండువేలవ వంతు కాలం మాత్రమే, అదీ కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న మచ్చ మేరకే. నున్నని ముఖం మీద ఆ మచ్చ అంతటా లోహం తగులుతుంది. లోతైన చాళ్లున్న ముఖం మీద రెండు మూడు మిట్టల కొసలు మాత్రమే తగులుతాయి. అందువల్ల మొదటిది టక్కున స్పష్టంగా పలుకుతుంది, రెండవది మెత్తగా, అణిగి పలుకుతుంది. మనం మెత్తదనం అని చెప్పుకునేదానిలో ఎక్కువ భాగం ఈ ధ్వనే. చెవుల్లో దూది పెట్టుకుని రెండు పట్టర్లతో పది పది పట్‌లు కొట్టి చూడండి, వాటి మధ్య తేడా ఎంతగా కరిగిపోతుందో మీకే తెలుస్తుంది. కార్బన్ స్టీల్ మెత్తన, స్టెయిన్‌లెస్ గట్టి అనే మాటను కూడా ఈ వెలుగులోనే చూడాలి. ఆ రెండు ఉక్కుల బిరుసుదనం దాదాపు సమానం, పైగా వాటి ముందు బంతి ఎన్నో రెట్లు మెత్తనిది. బంతి పైపొర యురెథేన్‌దా, అంతకన్నా గట్టిదైన సర్లిన్‌దా అన్నది మిల్లింగ్‌తో సమానంగా ధ్వనిని మారుస్తుంది. కాబట్టి ముందు బంతిని ఖాయం చేసుకుని, తరువాతే ముఖాన్ని ఎంచుకోవాలి.

ఇప్పుడు దొర్లడం సంగతి. పట్టర్ తగిలిన బంతి మొదట కొంత దూరం జారుతుంది, ఆ తరువాతే పూర్తిగా దొర్లుతుంది. ఏ తిరుగుడూ లేకుండా జారుతూ బయలుదేరిన నిండు గోళం పూర్తిగా దొర్లే స్థితికి వచ్చేసరికి దాని వేగం మొదటి వేగంలో ఏడింట ఐదు వంతులకు తగ్గుతుంది. సెకనుకు 2 మీటర్లతో బయలుదేరినది 1.43 మీటర్లకు దిగుతుంది. పచ్చిక గరుకుదనం మారితే జారే దూరం మారుతుంది కాని ఈ నిష్పత్తి మారదు.

ఆ జారుడును గీతలు తగ్గించగలవా? ముఖం మీద బంతి జారిపోకుండా ఉండాలంటే కావలసిన ఘర్షణ ఎంతో లెక్క వేద్దాం. లాఫ్ట్ 3 డిగ్రీలైతే, ముఖం వెంబడి పనిచేసే వేగం ముఖానికి లంబంగా ఉన్న వేగంలో నూటికి ఐదు వంతులే. ఇంత స్వల్పమైన జారుడును ఆపడానికి మెరుగుపెట్టిన ఉక్కుకు ఉన్న ఘర్షణే చాలు. చాలినదానికి మించి పట్టు ఇస్తే బంతికి అదనపు తిరుగుడు రాదు. తిరుగుడు ఎటు వస్తుందన్నది లాఫ్ట్‌కూ, పట్టర్ పైకి లేస్తున్న కోణానికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. లాఫ్ట్ ఎక్కువైతే బంతి కొద్దిగా వెనక్కి తిరుగుతుంది, పైకి లేచే కోణం ఎక్కువైతే కొద్దిగా ముందుకు తిరుగుతుంది. చేతులను ముందుకు వంచి కొట్టే అలవాటు ఉన్న ఆటగాడు ఎంత ఖరీదైన మిల్లింగ్ కొన్నా, లాఫ్ట్ పోగొట్టుకున్న ముఖం బంతిని గడ్డిలోకి నొక్కుతూనే ఉంటుంది.

గీతలు బంతి మీద నిజంగా పనిచేసే చోటు మరొకటి ఉంది, అది వేగం. కొందరు తయారీదారులు మధ్యలో ఒక విధంగానూ, అంచుల వైపు మరొక విధంగానూ గ్రూవ్‌లు (చాళ్లు) చెక్కి, మధ్య తప్పి తగిలిన బంతి కూడా దాదాపు అంతే దూరం పోయేలా చూస్తున్నారు. ఈ ఆలోచనను నేను గౌరవిస్తాను. మన స్థాయి ఆటగాళ్లు అన్ని పట్‌లనూ మధ్యలో కొట్టలేరు.

మన మైదాన ప్రాంతపు గ్రీన్‌లు (కప్పు అనే గుంట చుట్టూ ఉండే పొట్టి పచ్చిక) చాలావరకు బెర్ముడా గడ్డివి. ఆకు బిరుసు, అది ఒకవైపుకు వాలి ఉంటుంది, వానాకాలంలో వేగం తగ్గుతుంది. ఇలాంటి గ్రీన్ మీద అతిలోతైన మిల్లింగ్‌తో నేను ఒక సీజన్ ఆడాను. ధ్వని అణిగిపోవడం వల్ల ఎంత గట్టిగా కొట్టానో తెలియక, పొడవాటి పట్‌లు వరుసగా కప్పు ముందే ఆగిపోయాయి. అందుకే నెమ్మది గ్రీన్‌లకు తేలికపాటి లేదా మధ్యరకం మిల్లింగ్‌నూ, 3 నుంచి 4 డిగ్రీల లాఫ్ట్‌నూ నేను సూచిస్తాను. చురుకైన గ్రీన్‌ల మీద గట్టి ధ్వని విని భయపడి కొట్టడం ఆపేసేవారికి లోతైన మిల్లింగ్ మేలు చేయవచ్చు.

పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. మీ బంతితోనే 3, 6, 10 మీటర్ల పట్‌లు కొట్టి, తల ఎత్తకుండానే బంతి ఎక్కడ ఆగిందో పైకి చెప్పండి, ఆ తరువాతే చూడండి. ఏ ముఖంతో మీ అంచనా నిజానికి దగ్గరగా వస్తుందో ఆ ముఖం మీ చెవికి సరైన కబురు ఇస్తున్నట్టు.

కొన్న తరువాత చాళ్లలో ఇసుకా గడ్డీ నిలవనీయకుండా మెత్తని టూత్‌బ్రష్‌తో దులపాలి. విశాఖలాంటి తీరప్రాంతంలో ఆడేవారు కార్బన్ స్టీల్ పట్టర్ తీసుకుంటే ఆట ముగిసిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి పలుచగా నూనె రాయాలి, తడిసిన కవరును దాని మీద తొడిగి సంచిలో పెట్టకూడదు.