పొలం నాన్న పేరు మీదే: వలస కాలపు అమెరికాలో ఆస్తి పంపకాలు

అందరికీ నమస్కారం. ఆస్తి పంపకాల గురించి మాట్లాడతానంటే ఇంతమంది వస్తారని అనుకోలేదు. ఎవరింట్లోనైనా గొడవ నడుస్తుంటే దానికి నా దగ్గర పరిష్కారం లేదని ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పబోయేది 1776కి ముందు, ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న అమెరికాలో రైతులు తమ భూమి ఎవరికి, ఎలా ఇచ్చారన్నది.

ఇంగ్లండు చట్టం ప్రకారం వీలునామా రాయకుండా తండ్రి పోతే భూమంతా పెద్దకొడుకుదే. వర్జీనియా ఆ పద్ధతినే పట్టుకుంది. మసాచుసెట్స్‌లో దిగిన ప్యూరిటన్లు, అంటే బైబిల్‌నే అన్నిటికీ ప్రమాణంగా పట్టుకున్న క్రైస్తవులు, మాత్రం 1641 నాటి తమ శాసనంలో పెద్దవాడికి రెండు వాటాలని రాసుకున్నారు. మన పెద్దలు జ్యేష్ఠ భాగం అంటారే, అలాంటిదే. వాళ్లకు ఆధారం బైబిల్లోని ద్వితీయోపదేశకాండం. నలుగురు పిల్లలుంటే ఆస్తి ఐదు భాగాలు చేసి, రెండు పెద్దకొడుక్కి, తలా ఒకటి మిగతావాళ్లకు. కనెక్టికట్ కూడా ఇదే దారి పట్టింది.

అక్కడే పేచీ వచ్చింది. వెయిట్ స్టిల్ విన్‌త్రాప్ అనే పెద్దమనిషి 1717లో వీలునామా లేకుండా పోయాడు. ఆయన మసాచుసెట్స్ తొలి గవర్నరు మనవడు. కొడుకు జాన్, కూతురు యాన్. చెల్లెలికి భూమిలో వాటా ఉందని కనెక్టికట్ కోర్టులు అంటే, జాన్ ఓడెక్కి లండన్ వెళ్లి ప్రివీ కౌన్సిల్లో, అంటే కాలనీల అప్పీళ్లు వినే రాజుగారి సలహా సభలో, దావా వేశాడు. 1728లో తీర్పు అతని పక్షాన వచ్చింది. భూమంతా అతనిదేనని చెప్పి, అసలు ఆ కనెక్టికట్ చట్టమే చెల్లదని కొట్టేశారు. ఒక అన్న పంతానికి కాలనీ అంతా వణికిపోయింది. ఎందుకంటే అప్పటికే రైతులు ఆ చట్టం ప్రకారం పంచుకుని, గట్లు వేసుకుని, అమ్ముకుని, కొనుక్కుని ఉన్నారు. 1745లో మరో దావాలో తీర్పు మారేదాకా వాళ్లకు కంటి మీద కునుకు లేదు.

సరే, చట్టం ఎలా ఉన్నా తండ్రి బతికుండగా ఏం చేసేవాడు? నాకు అసలు ఆసక్తి అక్కడే. మసాచుసెట్స్‌లో ఆండోవర్ అనే ఊరుంది. అక్కడి తొలితరం తండ్రులు కొడుక్కి పెళ్లి చేసి, ఇల్లు కట్టుకోమని, దున్నుకోమని పొలం చూపించేవాళ్లు. కాగితం మాత్రం రాసిచ్చేవాళ్లు కాదు. కొడుక్కి ముప్పై దాటినా, నలుగురు పిల్లలు పుట్టినా, తను చెమటోడ్చే పొలాన్ని అమ్మే హక్కు లేదు. తండ్రి పోయాకే అది అతని పేరు మీదికి వచ్చేది. ఆ తండ్రుల్ని నేను దుర్మార్గులనను. పింఛను లేదు, బ్యాంకు లేదు. ముసలితనంలో ముద్ద పెట్టించుకోవడానికి వాళ్ల చేతిలో ఉన్న పట్టు ఆ కాగితం ఒక్కటే.

ఇక ఆయన పోయాక ఆమె సంగతి. భర్త భూమిలో మూడో వంతు మీద బతికున్నంత కాలం అనుభవహక్కు వితంతువుకు చట్టం ఇచ్చింది, అమ్ముకునే హక్కు లేకుండా. వీలునామాల్లో భర్తలు దీన్ని ఇంకా విడమరిచి రాసేవాళ్లు. తూర్పు గది ఆమెది. నేలమాళిగలో కొంత చోటు. రొట్టె కాల్చుకోవడానికి పొయ్యి, బావి దగ్గరికి వెళ్లే దారి. ఒక ఆవు, చలికాలమంతా దానికి మేత. ఏటా ఇన్ని బుషెళ్ల మొక్కజొన్న. కట్టెలైతే పొయ్యిలో పట్టేలా నరికి, ఆమె గుమ్మం ముందు వేయాలి. ఉత్త ‘కట్టెలు ఇవ్వాలి’ అని రాస్తే, అడవిలో పడున్నాయి తెచ్చుకోమని కొడుకో కోడలో అనేస్తే? ఆ భయం ఆ వాక్యంలో కనపడుతూనే ఉంది. నిన్నటిదాకా ఇంటి యజమానురాలు, ఈరోజు తన పొయ్యి తాను వాడుకోవడానికి వీలునామా చూపించాలి. ఇవన్నీ చాలాసార్లు ‘నా వితంతువుగా ఉన్నంత కాలం’ అనే షరతు మీదే. మళ్లీ పెళ్లాడితే గది పోతుంది.

కూతుళ్లకు ఎక్కువగా చరాస్తే: పరుపులు, దుప్పట్లు, తగరపు పళ్లేలు, ఆవులు. పెళ్లవగానే అవి కూడా చట్టం దృష్టిలో భర్తవే. అందుకే హానా బార్నర్డ్ బీరువా నాకు ఇష్టం. మసాచుసెట్స్‌లోని హ్యాడ్లీలో దాదాపు 1715 నాటిది. దాని ముందు భాగం మీద ఆమె పుట్టింటి పేరు పెద్ద అక్షరాలతో రంగుల్లో రాయించారు. ఆమె 1715లో పెళ్లాడి, రెండేళ్లకే పోయింది. భర్త మరో పెళ్లి చేసుకున్నాడు. అయినా బీరువా ఆమె కూతురు అబిగైల్‌కే చేరింది. అబిగైల్ తన కూతురికి హానా బార్నర్డ్ అని అమ్మ పేరు, ఇంటిపేరుతో సహా పెట్టుకుంది.

మూడు నాలుగు తరాలకు పాత ఊళ్లలో పంచడానికి భూమి చాల్లేదు. ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదనుకున్నప్పుడు ఒక కొడుకు పొలం మొత్తం తీసుకుని, మిగతావాళ్లకు డబ్బు కట్టేవాడు, చాలాసార్లు అప్పు చేసి. మిగిలినవాళ్లు ఏదో చేతిపని నేర్చుకోవడమో, న్యూ హాంప్‌షైర్, మెయిన్ వైపు పోవడమో.

దక్షిణాన ‘ఆస్తి’ జాబితాలో మనుషులు కూడా ఉన్నారు. 1705 నాటి వర్జీనియా చట్టం వారసత్వం విషయంలో బానిసలను స్థిరాస్తి కింద కట్టింది. 1743లో తండ్రి పోయేనాటికి జార్జి వాషింగ్టన్‌కు పదకొండేళ్లు. అతని వాటాకు ఒక పొలం, పదిమంది బానిసలు వచ్చారు.

ఇందాక చెప్పిన వితంతువు మూడో వంతు ఇక్కడ ఎక్కడికి దారితీసిందో చూడండి. వాషింగ్టన్ భార్య మార్తా. ఆమె మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ 1757లో వీలునామా రాయకుండా పోయాడు. అతని బానిసల్లో మూడో వంతు మంది ఆమె జీవితకాలపు అనుభవంలోకి వచ్చారు. తర్వాత ఆమె వాషింగ్టన్‌ను పెళ్లాడింది. 1799లో వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు ఉండేవాళ్లు. వాషింగ్టన్ తన వీలునామాతో విడిపించగలిగింది తన సొంతం అనుకున్నవాళ్లను మాత్రమే. కస్టిస్ వాటా వాళ్ల మీద ఆయనకు గానీ, మార్తాకు గానీ ఆ హక్కు లేదు. ఆ రెండు వాటాల వాళ్లు ఏళ్ల తరబడి ఒకరినొకరు పెళ్లాడి, పిల్లల్ని కన్నారు. పిల్లలు తల్లి ఎవరి వాటాలో ఉంటే ఆ వాటాకే చెందుతారు. 1802లో మార్తా పోయాక, కస్టిస్ వాటా వాళ్లను ఆమె మనవలు, మనవరాళ్లు నలుగురూ పంచుకున్నారు. విడుదలైన భర్త ఒకచోట, భార్యాపిల్లలు మరొకరి పొలంలో.

నా సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.