గట్టు మీది సరుగుడు గింజ కొంటే గట్టు రాదు

[తెర: భీమిలి దారిలో సరుగుడు తోట. గట్టు వారన లావాటి చెట్టు.]

"తోటలోకల్లా లావు చెట్టు గింజ తెచ్చాం, నారూ అలాగే లావెక్కుతుంది." విశాఖ చుట్టుపక్కల ఎక్కడ సరుగుడు వేసినా ఈ మాటే. ఎంత తప్పో లెక్క కట్టి చూద్దాం.

ఈ గట్టు చెట్టుకి ఒక పక్క పోటీ లేదు, ఎండ ఎక్కువ, పక్కనే నీటి కాలువ. గింజలోకి దిగేది జన్యువులే. గట్టు దిగదు.

[తెర: లాభం = ఎంపిక తీవ్రత × హెరిటబిలిటీ × స్టాండర్డ్ డీవియేషన్]

లాభం అంటే పిల్లల సగటు తోట సగటు కంటే ఎంత పెరిగిందో అది. 1000 చెట్ల తోట అనుకోండి. సగటు చుట్టుకొలత 30 సెం.మీ., స్టాండర్డ్ డీవియేషన్, అంటే చెట్లు సగటుకి అటూ ఇటూ ఎంత చెదిరాయో ఆ కొలత, 5 సెం.మీ., హెరిటబిలిటీ 0.2. అంటే ఈ చెట్టు లావులో ఐదో వంతు జన్యువులదని కాదు, దయచేసి అలా చదవకండి. చెట్టుకీ చెట్టుకీ ఉన్న తేడాలో ఐదో వంతే పిల్లలకి దిగుతుందని.

లావులో పైనున్న 100 చెట్లు ఎంచితే తీవ్రత 1.755, అంటే వాటి సగటు తోట సగటుకి అన్ని స్టాండర్డ్ డీవియేషన్లు పైనుంది. వాటి సగటు దాదాపు 39 సెం.మీ. పిల్లల సగటు? 39 కాదు, 31.75. మిగతాది గట్టులాంటి పరిసరాలదే. పోనీ పదే ఎంచుదామా? తీవ్రత 2.665, లాభం 2.7 సెం.మీ. పది రెట్లు వడపోస్తే లాభం ఒకటిన్నర రెట్లే.

అదీ తల్లీ తండ్రీ రెండూ ఎంచినవైతేనే. సరుగుడు పుప్పొడిని మోసేది గాలి. తండ్రి తోటలో ఏ బక్క చెట్టైనా కావచ్చు. తల్లినే ఎంచితే 1.75లో సగం పోయినట్టే. అందుకే విత్తన తోటలో బక్కవాటిని పూతకి ముందే నరికేయాలి.

గట్టు ప్రభావం తగ్గాలంటే ట్రయల్‌ని, అంటే ఏ తల్లి పిల్లలు మేలో పోల్చే తోటని, బ్లాకులుగా విడగొట్టి, ప్రతి తల్లి పిల్లల్నీ అన్ని బ్లాకుల్లో నాటండి. చుట్టూ కాపలా వరస వేసి, దాన్ని కొలవకండి. గట్టు చెట్లు కలిస్తే స్టాండర్డ్ డీవియేషన్ పెరిగి లాభం ఎక్కువనిపిస్తుంది, హెరిటబిలిటీ మాత్రం పడిపోతుంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. పిల్లలకి దిగే తేడా ఎంతో కట్టడానికి కుటుంబాల (ఒక్కో తల్లి పిల్లల) మధ్య తేడాని 4తో గుణిస్తారు. జామాయిల్‌లో స్వపరాగం (తన పుప్పొడి తనకే అందడం) జరుగుతుంది కాబట్టి, అలా గుణిస్తే లెక్క ఉబ్బుతుంది, చాలామంది 2.5 వాడతారు. గింజ కాకుండా కొమ్మ నాటి క్లోన్ తీస్తే జన్యువులన్నీ వస్తాయి, అప్పుడూ గట్టు రాదు. ఏడాదికి ఎంతో తెలియాలంటే, వచ్చిన లాభాన్ని తరానికి పట్టే ఏళ్లతో భాగించండి. ట్రయల్ ఒక్క బీచ్ ఇసుకలోనే వేయకండి, అనకాపల్లి వైపు ఎర్రనేలలోనూ వేయండి: ఇసుకలో మొదటిది అక్కడా మొదటిదే అవ్వాలని లేదు.