పదేళ్ళ వీసా, ఆరు నెలల గడువు

నమస్కారమండి. తిరుపతిలో, కొర్లగుంటలోని మా ఇంటి మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక కనిపిస్తున్నవి శేషాచలం కొండలు. రాత్రి వాన పడింది కదా, ఇంకా మబ్బు విడలేదు. న్యూజెర్సీ నుంచి వచ్చి వారమైంది. ఈ రోజు వీడియోలో గోవిందరాజస్వామి గుడి వీధులు చూపిస్తానని చెప్పాను. కానీ పొద్దున ఎదురింటి అత్తమ్మ అన్న మాట విన్నాక, ముందు ఈ విషయం చెప్పాలనిపించింది.

అత్తమ్మ, మామయ్య నవంబరు మొదటి వారంలో డల్లాస్‌లోని కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. కందిపొడి డబ్బాకెత్తుతూ అత్తమ్మ అంది: "పదేళ్ళ వీసా ఇచ్చారు కదమ్మా, ఎనిమిది నెలలుండి వస్తాం, తొందరేముంది?" నా గుండె ఝల్లుమంది. సరిగ్గా మా అమ్మ కూడా ఇలాగే అనుకుంది.

పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద పదేళ్ళ తేదీ ఉంటుంది. అది విమానం దిగి గుమ్మం దగ్గర నిలబడేందుకు అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్ళు ఉండవచ్చో ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. పర్యాటక వీసా మీద వెళ్ళే మన పెద్దవాళ్ళకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. అమెరికా సరిహద్దు తనిఖీల శాఖ సీబీపీ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు వివరాలు వేస్తే అది కనిపిస్తుంది. దిగిన మర్నాడే ఆ కాగితం ప్రింటు తీసి పెట్టుకోండి, నా మాట వినండి.

పోయిన ఏడాది అమ్మ అక్టోబరు చివర న్యూజెర్సీకి మా దగ్గరికి వచ్చింది. ఐ-94 ఏప్రిల్ చివరి దాకా ఉంది. ఫిబ్రవరిలో అక్కడి మా ఇంటి మెట్ల మీద గడ్డకట్టిన మంచుకు జారి పడింది. మోకాలి దగ్గర ఎముక చిట్లింది. మూడు నెలలు దూర ప్రయాణం వద్దని డాక్టరు రాసిచ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నొప్పితో ఉన్న మనిషిని ఇరవై గంటలు విమానంలో కూర్చోబెట్టలేను. అలాగని గడువు దాటనివ్వనూ లేను. ఒక్కరోజు దాటినా ఆ పదేళ్ళ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు దాటి ఉండి బయటికి వెళ్తే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు మళ్ళీ అడుగుపెట్టనివ్వరు.

దారి ఒకటే, ఉండే గడువు పొడిగించమని అడిగే ఐ-539 దరఖాస్తు. గడువు తీరేలోపే అమెరికా వలస సేవల శాఖ యూఎస్‌సీఐఎస్‌కు అందాలి. కనీసం 45 రోజుల ముందు పంపమని వాళ్ళే చెబుతారు. మేము మార్చి రెండో వారంలో ఆన్‌లైన్‌లో పంపాం, రుసుము 420 డాలర్లు. జూలై చివరి దాకా ఉండనివ్వమని అడిగాం. మనవడిని చూసుకోవడానికని రాస్తే సరిపోతుందని ఒకరు, ఊళ్ళు చూడాలని రాయమని ఇంకొకరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. జరిగింది జరిగినట్టు రాసి, డాక్టరు ఉత్తరం జతచేశాను. ఆమె ఖర్చులు నేను భరిస్తానని ఒక ఉత్తరం, నా బ్యాంకు స్టేట్‌మెంటు, జూలైకి మార్చిన తిరుగు టిక్కెట్టు కూడా పెట్టాను.

అసలు శ్రమ తిరుపతి కాగితాలతో వచ్చింది. ఈమె తిరిగి వెళ్తుంది, అక్కడ ఆమెకు ఇల్లూ వాకిలీ ఉన్నాయని చూపించాలి కదా. తమ్ముడు బీరువా వెతికి పింఛను పుస్తకం, ఇంటి పన్ను రసీదు ఫోటోలు తీసి పంపాడు. రసీదు తెలుగులో ఉంది. ఇంగ్లీషులోకి అనువదించి, రెండు భాషలూ వచ్చునని అనువాదకులు సంతకంతో ధ్రువీకరించాలి. నా స్నేహితురాలు చేసిపెట్టింది. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన అమ్మ మంచం మీద నుంచే ఒక్కో మాటా సరిచూసింది. నాన్న పోయాక ఆ ఇల్లు తన పేరు మీదికి మారిన రసీదు అది. చదువుతూ కాసేపు ఆగిపోయింది.

దరఖాస్తు అందినట్టు రసీదు వచ్చింది. నిర్ణయానికి నెలలు పడుతుంది. సకాలంలో పంపి ఉంటే, అది పెండింగులో ఉన్నంతకాలం ఆ రోజులను అక్రమంగా ఉన్నట్టు లెక్కించరు. అయినా అడిగిన తేదీని మించి ఉండకూడదని మేము ముందే గట్టిగా అనుకున్నాం. నడక కుదురుకోగానే జూన్ చివర అమ్మ తిరుపతి వచ్చేసింది, అప్పటికి జవాబు రాలేదు. దరఖాస్తు ప్రతి, రసీదు, విమానం బోర్డింగ్ పాసు అన్నీ ఒకే కవరులో దాచాను. అమ్మ మళ్ళీ అమెరికా వచ్చినప్పుడు అధికారి అడిగితే చూపించాలి.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరను అమ్మ నా ఫోనులో చూసింది. తమ్ముడు బైరాగి వేషం వేసుకుని వీడియో కాల్ చేశాడు. పెళ్ళయి ఈ వీధికి వచ్చాక ఆమె అమ్మవారికి పొంగలి పెట్టని ఏడాది అదొక్కటే. తెర మీదే దండం పెట్టుకుంది.

ఇదంతా పొద్దున అత్తమ్మకు చెప్పాను. ఇద్దరి పాస్‌పోర్టులూ తెప్పించి చూశాను, గడువు చాలా ఉంది. అత్తమ్మ కొడుకుకు ఫోను చేసి తిరుగు టిక్కెట్టు ఆరు నెలల లోపు తీయమంది. అమ్మ కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చి చెప్పింది: "ఏప్రిల్ చివరికల్లా వచ్చేయండి వదినా. జాతర చాటింపు వేసే వేళకు మనమిద్దరం ఇక్కడే ఉండాలి."