గోరు తగలకుండా స్క్రీన్ బిగించడం: పాత మారుతి 800 డాష్‌బోర్డ్‌లో 7 అంగుళాల టచ్‌స్క్రీన్

[దగ్గరి షాట్: బొటనవేలి గోరు డాష్ ప్యానెల్ మీద నుంచి స్క్రీన్ గాజు మీదకి జారుతుంది]

చూశారా, గోరు ఎక్కడా తట్టుకోలేదు. మధ్యలో ఒక సన్నటి గీత, అంతే. ప్లాస్టిక్, గాజు రెండూ ఒకే మట్టంలో ఉన్నాయి. ఫ్లష్ ఫిట్టింగ్ అంటే ఇదే. ఈ గీత నాలుగు వైపులా ఒకే మందంలో రావడానికి నాకు రెండు ప్రయత్నాలు పట్టాయి. మొదటిది ఎందుకు పాడైందో కూడా ఇవాళ చూపిస్తాను.

నమస్కారం. ఇది మా నాన్నగారి మారుతి 800, 2006 మోడల్. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన కారు ఇది. ఆయనకి డెబ్బై దాటాయి. రివర్స్ తీసేటప్పుడు మెడ పూర్తిగా తిరగడం లేదు. కాబట్టి వెనక కెమెరా కావాలి, కెమెరాకి స్క్రీన్ కావాలి. సక్షన్ కప్పుతో అద్దానికి అతికించే స్క్రీన్ నాకు ఇష్టం లేదు. గతుకు వస్తే ఊగుతుంది, చూపుకి అడ్డం, ఎండాకాలం మధ్యాహ్నం దానంతట అదే ఊడి పడుతుంది.

[కొలతల బొమ్మ: రెండు దీర్ఘచతురస్రాలు, 180 × 50, 180 × 100]

ముందు కొలతలు. కారు స్టీరియో అరలకి ఒక ప్రామాణిక కొలత ఉంది, పేరు డిన్. జర్మనీ ప్రమాణంగా మొదలై ఇప్పుడు ఐఎస్ఓ 7736 అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. సింగిల్ డిన్ అంటే 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్ అంటే ఎత్తు దానికి రెట్టింపు. 7 అంగుళాల ఆండ్రాయిడ్ యూనిట్లు ఎక్కువగా డబుల్ డిన్ సైజులోనే వస్తాయి, ముఖం సుమారు 178 × 100. మా కారులో ఉన్నది సింగిల్ డిన్ సందు. అంటే ప్యానెల్‌ని కోయక తప్పదు.

కోసే ముందు ఒక మాట. మీ కారుతో వచ్చిన ప్యానెల్‌ మీద రంపం పెట్టకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లు తిరిగి ఇంకో ప్యానెల్ తెచ్చుకున్నాను. దాని మీద గీతలు పడ్డాయి, ఒక క్లిప్పు విరిగింది. మనకి అది చాలు, ఎలాగూ లప్పం పెట్టి రంగు వేస్తాం. ఒరిజినల్ ప్యానెల్ పేపర్లో చుట్టి అటక మీద ఉంది.

[ప్యానెల్ వెనక భాగం, చిన్న అక్షరాల మీద వేలు]

తెచ్చుకోగానే వెనక్కి తిప్పి చూడండి. బాణపు గుర్తుల మధ్య చిన్న అక్షరాలు ఉంటాయి. అది ప్లాస్టిక్ రకం. ఏబీఎస్ అని ఉంటే అదృష్టం, దాన్ని కరిగించే ఎసిటోన్ అనే ద్రవంతో అతుకుతుంది, లప్పం పట్టుకుంటుంది. పీపీ, అంటే పాలీప్రొపిలీన్ అని ఉంటే జిగురు నిలవదు, లప్పం నెల తిరక్కుండా పొరలు పొరలుగా లేస్తుంది. ప్రత్యేకమైన ప్రైమర్ వేస్తే కొంత పట్టుకుంటుంది కానీ, నా సలహా, ఆ తంటా వద్దు, ఏబీఎస్ షీటుతో ఆ భాగం కొత్తగా చేసుకుని స్క్రూలతో బిగించుకోండి. ముక్కని నీళ్లలో వేసి తేలితే పీపీ అని కొందరు చెబుతారు. తేలితే నిజమే. కానీ టాల్క్ కలిపిన పీపీ మునిగిపోతుంది, అందుకని ఆ పరీక్ష ఒక్కటే నమ్ముకోకండి.

[మొదటి ఫ్రేమ్: మూలలు పైకి లేచి ఉన్నాయి]

ఇదిగో, నా మొదటి ప్రయత్నం. త్రీడీ ప్రింటర్‌లో ఫ్రేమ్ చేయించాను, మెటీరియల్ పీఎల్ఏ అనే ప్లాస్టిక్. ఇంట్లో చూస్తే ముచ్చటగా ఉంది. మే నెలలో ఒక మధ్యాహ్నం కారు బయట ఉంచాను, సాయంత్రానికి మూలలు 3 మి.మీ. లేచాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు, ఇక పీఎల్ఏ ఎంత? అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మరి డాష్ ఎంత వేడెక్కుతుంది? అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన కొలతల్లో, ఎండలో గంట సేపు ఆపిన కార్లలో డాష్‌బోర్డ్ సగటున 69 డిగ్రీలకి చేరింది. మన కోస్తా ఎండ దానికి తీసిపోదు. ఏబీఎస్ అయితే 100 డిగ్రీల దాకా గట్టిగా ఉంటుంది. ప్రింటే చేయించాలనుకుంటే ఏబీఎస్ గానీ ఏఎస్ఏ గానీ అడగండి.

వంకరపోయిన ఫ్రేమ్‌తో ఇంకో బాధ వచ్చింది. అంచు గాజుని నొక్కడం మొదలుపెట్టింది, స్క్రీన్ తనంతట తానే నొక్కుకోవడం మొదలుపెట్టింది. మ్యాప్ మూసుకుంటుంది, వాల్యూమ్ పెరుగుతుంది. నాన్నగారు "ఇదేంట్రా, దయ్యం పట్టిందా" అన్నారు. దాన్ని గుర్తుంచుకోండి: టచ్ గాజు మీద ఏ అంచూ బరువు వేయకూడదు. అంచుకీ గాజుకీ మధ్య సందు ఉండి తీరాలి.

[గాజు పలక మీద ప్యానెల్ బోర్లించి ఉంది]

ఇప్పుడు అసలు పని. అందరూ చేసే తప్పు, స్క్రీన్‌కి సరిగ్గా సరిపోయే కన్నం కోద్దాం అనుకోవడం. ప్లాస్టిక్‌ని అంత కచ్చితంగా కోయడం చేతిపనిలో కుదరదు. నేను తిరగేసి చేశాను. కన్నం కావాలనే పెద్దగా కోశాను, చుట్టూ 6 మి.మీ. ఎక్కువ. తర్వాత స్క్రీన్ ఉన్న చోటికే ప్యానెల్‌ని కట్టుకుంటూ వచ్చాను. కోత ఎలాగంటే, మూలల్లో డ్రిల్, మధ్యలో సన్న రంపం, చివర ఆకురాయి. కాల్చిన కత్తితో కోస్తే అంచు కరిగి ముద్ద కడుతుంది, వద్దు.

స్క్రీన్‌నే అచ్చుగా వాడితే లప్పం, ఎసిటోన్ తగిలి పాడవుతుంది. అందుకని స్క్రీన్ ముఖం సైజుకి ఒక ప్లైవుడ్ డమ్మీ చేయించాను. డమ్మీ అంచు చుట్టూ మాస్కింగ్ టేపు ఐదు చుట్లు. ఒక్కో పొర 0.13, 0.14 మి.మీ. ఉంటుంది కాబట్టి ఐదు కలిస్తే దాదాపు 0.7. ఇందులో ప్రైమర్, రంగు 0.15 దాకా తినేస్తాయి. మిగిలే అర మిల్లీమీటరే మీరు మొదట్లో చూసిన గీత.

అర మిల్లీమీటరు ఎందుకు? ఏబీఎస్ 180 మి.మీ. పొడవులో, 10 డిగ్రీల తేడాకి 0.15 మి.మీ. సాగుతుంది లేదా కుంచించుకుంటుంది. గాజు కదిలేది అందులో దాదాపు పదోవంతే. ఎండకి ప్లాస్టిక్ సాగితే కన్నం కూడా పెద్దదవుతుంది, ఇబ్బంది లేదు. డిసెంబరు తెల్లవారుజామున కన్నం చిన్నదై గాజుని పట్టుకుంటుంది, అదీ భయం. మే నెలలో బిగుతుగా కూర్చోబెట్టి మురిసిపోతే చలికాలంలో బాధపడాలి.

ఇప్పుడు మట్టం. 6 మి.మీ. గాజు పలక, దాని మీద వంటింటి క్లింగ్ ఫిల్మ్. ప్యానెల్‌ని ముఖం కిందికి బోర్లించండి. కన్నం మధ్యలో డమ్మీని కూడా ముఖం కిందికే పెట్టండి. రెండూ ఒకే గాజు మీద కూర్చున్నాయి, మట్టం దానంతట అదే వచ్చేసింది. కంటితో, స్కేలుతో కష్టపడాల్సిన అవసరం లేదు. మా ప్యానెల్ మధ్యభాగం చదును కాబట్టి కుదిరింది. మీ డాష్ వంపు తిరిగి ఉంటే చదును గాజు నాలుగు వైపులా కలవదు. అప్పుడు పై అంచు కలిపేసి, కింద మెల్లగా వాలు తేవాలి. కన్ను ముందు పై అంచునే చూస్తుంది.

[ఏబీఎస్ ముక్కలు ఎసిటోన్‌లో కరుగుతున్నాయి]

డమ్మీకీ ప్యానెల్‌కీ మధ్య ఖాళీలో 3 మి.మీ. ఏబీఎస్ పట్టీలు పేర్చి, వెనక నుంచి అతికించాను. జిగురు ఇంట్లోనే: ఏబీఎస్ తుక్కు ఎసిటోన్‌లో నానబెడితే తేనెలా చిక్కబడుతుంది. ఎసిటోన్ ఆవిరి భగ్గుమంటుంది, గ్యాస్ పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట చేయండి. ఆరేటప్పుడు ఈ పేస్టు కుంచించుకుపోతుంది, కాబట్టి సందులు దీనితో నింపాలని చూడకండి, అతుకుకి మాత్రమే. నేను రెండు రోజులు కదపలేదు. తర్వాత తిప్పి, ముందు వైపు లప్పం పల్చగా. లప్పంలో గట్టిపడడానికి కలిపే హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందని మురవకండి, తర్వాత పగుళ్లిస్తుంది.

వాటర్ పేపర్ 120తో మొదలుపెట్టి 220, 400. పేపర్‌ని చెక్కముక్కకి చుట్టే రుద్దండి. వేళ్లతో రుద్దితే వేళ్ల వెడల్పులో గుంటలు పడతాయి, రంగు వేశాక పక్క వెలుగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ప్రైమర్ వేసి ఆరాక చూస్తే ఇంకా మిగిలిన లోపాలు బయటపడతాయి. నాకు మూడుసార్లు ప్రైమర్ పడింది. రంగు మ్యాట్ నలుపు. మెరిసే నలుపు వేస్తే ఎండ కళ్లలోకి కొడుతుంది. రెక్సిన్ చుట్టాలనుకునే వాళ్లు అది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే దాని మందం అంచు మీదికి కూడా వస్తుంది, టేపు చుట్లు ఆ మేరకి పెరగాలి.

[యూనిట్ పక్కన ఇనుప క్లాంపులు]

స్క్రీన్ బరువు ప్యానెల్ మీద వేలాడకూడదు. పక్క క్లాంపులతో కారు ఇనుప ఫ్రేమ్‌కే బిగించాలి. క్లాంపు కన్నాలు పొడుగ్గా తీస్తే ముందుకీ వెనక్కీ జరిపి గాజుని సరిగ్గా మట్టానికి తేవచ్చు. వేలితో గట్టిగా నొక్కినా కదలకూడదు, కిర్రుమనకూడదు.

కరెంటు పని గురించి క్లుప్తంగా. బ్యాటరీ మైనస్ తీసేసి మొదలుపెట్టండి. చాలా యూనిట్లలో పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి, ఎరుపు తాళం తిప్పాక వచ్చే లైనుకి, నలుపు బాడీకి. పసుపు, ఎరుపు రెండూ ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకే కలిపేస్తే పొద్దున్నే బ్యాటరీ డౌన్. రివర్స్ లైటు వైరు కెమెరాకి. హ్యాండ్‌బ్రేక్ వైరుని నేరుగా బాడీకి కలిపి, నడుపుతుండగా వీడియో వచ్చేలా చేయమని అడిగేవాళ్లు ఉన్నారు. నేను చేయను, మీరూ చేయించుకోకండి. 800లో ఎయిర్‌బ్యాగులు లేవు కాబట్టి నేను డాష్ ధైర్యంగా విప్పాను. మీ కారులో ఉంటే, పసుపు కనెక్టర్లు కనిపించగానే ఆగి తెలిసిన మెకానిక్‌ని పిలవండి.

[ఎండలో ఆపిన కారు. తర్వాత విజిటింగ్ కార్డు సందులో జారుతోంది]

చివరి పరీక్ష. అద్దాలు మూసి మధ్యాహ్నం మూడు గంటలు ఎండలో వదిలేశాను. విజిటింగ్ కార్డు సందులో పెట్టి చుట్టూ లాగాను. నాలుగు వైపులా ఒకేలా జారింది. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి, చల్లగా ఉన్నప్పుడు మళ్లీ లాగాను. కింది ఎడమ మూలలో కొంచెం పట్టింది. ప్యానెల్ తీసి, 400 పేపర్‌తో ఆ ఒక్క మూల నాలుగు రుద్దులు, మళ్లీ టచప్.

[నాన్నగారు రివర్స్ గేర్ వేస్తారు. స్క్రీన్ మీద వెనక గేటు, గేటు పక్కన సైకిల్]